తప్పు పందెంది కాదు, ఒక్క బౌటుది

మా షూటింగు క్లబ్బులో వచ్చే నెల ఓటింగు ఉంది. నెలకోసారి ఆదివారం పొద్దున్న జరిగే ముఖాముఖి పిస్తోలు పందేన్ని ఎత్తేసి, దాని బదులు ఎవరికి వాళ్ళు విడిగా టైమరు మీద కాల్చే పోటీ పెడదామని కమిటీ వాళ్ళ ప్రతిపాదన. కారణాలు రెండు చెప్పారు. ఒకటి, ముఖాముఖి అనేది నైపుణ్యం కాదు, లాటరీ. రెండు, అది ప్రమాదం. రెండింటిలోనూ సగం నిజం ఉంది. నాకు ఒళ్ళు మండేది ఆ సగం నిజం చూసే. పూర్తిగా అబద్ధమైతే నవ్వేసి ఊరుకునేవాణ్ణి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. టెక్సాసులో కూర్చుని తుపాకుల గురించి రాస్తున్నానంటే "వీడు అమెరికా వెళ్ళి కౌబాయ్ అయిపోయాడ్రా" అనే స్నేహితులు నాకు డజను మంది ఉన్నారు. ఈ దేశంలో తుపాకుల వల్ల జరుగుతున్న ఘోరాలు నాకూ కనబడుతున్నాయి. ఎవరి చేతిలో తుపాకి ఉండాలి, ఎవరి చేతిలో ఉండకూడదు అన్న విషయంలో నా అభిప్రాయం మా క్లబ్బులో చాలామందికి గిట్టదు కూడా. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం. "హెచ్1బి వాడివి, నీకెలా కుదిరింది?" అని అడగబోయేవాళ్ళకి: వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి పట్టుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే, కానీ కొన్ని మినహాయింపులున్నాయి, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు అందులో ఒకటి. నేనింతవరకూ ఒక్క కుందేలుని కూడా కొట్టలేదు, లైసెన్సు మాత్రం పర్సులో ఉంది :-)

సరే, అసలు విషయానికొస్తాను.

తెలియనివాళ్ళ కోసం పందెం ఎలా ఉంటుందో చెప్తాను. ఇద్దరు కొంచెం ఎడంగా పక్కపక్కన నిలబడతారు. ఒక్కొక్కరి ఎదురుగా పదిగజాల దూరంలో ఐదు ఉక్కు పలకలు, రెండు వరసలూ అచ్చం ఒకేలా ఉంటాయి. రెండు వరసల మధ్యలో ఆఖరి పలకలు రెండు, పడితే ఒకదాని మీద ఒకటి పడేట్టు అమర్చి ఉంటాయి. బీప్ వినబడగానే ఐదు పలకలూ పడగొట్టాలి, మ్యాగజైను మార్చాలి, అప్పుడు తన వైపున్న ఆఖరి పలకని కొట్టాలి. రెండూ పడ్డాక ఎవరి పలక అడుగున ఉంటే వాళ్ళు గెలిచినట్టు. కెమెరా అక్కర్లేదు, స్కోరు రాసేవాడితో వాదన అక్కర్లేదు. కళ్ళకి అందనంత తేడాతో గెలిచినా అడుగున ఉన్నది అడుగునే ఉంటుంది. అంతా కలిపి ఆరేడు సెకన్లు.

నేను ఒకసారి మా ఫ్రెండుకి ఫోనులో వీడియో చూపిస్తే "ఇది మనుషులతో కోడిపందెంలా ఉందిరా" అన్నాడు. వాడన్న దాంట్లో అసలు ఆరోపణ ఏంటంటే, గురి అనేది ప్రశాంతంగా చూడాల్సిన విషయం, హడావుడి పెట్టి పక్కన ఇంకొకణ్ణి నిలబెడితే అది గురి కాదు, తమాషా. మనవాళ్ళకి గురి అనగానే ద్రోణుడు పెట్టిన పరీక్షే గుర్తొస్తుంది కదా. చెట్టు కనబడుతోందా, కొమ్మ కనబడుతోందా, పిట్ట కన్నొక్కటే కనబడుతోంది. బాగుంది. కానీ ఆ పరీక్షలో అర్జునుడికి గడియారం లేదు. పక్కనే నిలబడి అదే పిట్ట మీదకి బాణం ఎక్కుపెట్టిన ఇంకొకడు లేడు. పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనబడకపోవడం గొప్పే. పక్కవాడి పలకలు టంగు టంగుమని పడుతుంటే ఆ చప్పుడు కూడా వినబడకపోవడం ఇంకా గొప్పని నేనంటాను.

నాకిది ఎలా తెలిసిందంటే, ఓడిపోయి తెలిసింది. చేరిన కొత్తలో డెబ్భై దాటిన ఒక పెద్దాయనతో పడింది నాకు. ఆయన చేతిలో రివాల్వరు. అందులో ఆరు తూటాలే, పలకలు ఐదు. అంటే ఒక్క తప్పుకి మాత్రమే చోటుంది. నా మ్యాగజైనులో పది. మనసులో గెలిచేశాననే అనుకున్నాను. బీప్ అయ్యింది, నా మొదటి మూడు పలకలూ ఆయన కంటే ముందే పడ్డాయి. అప్పుడు ఆయన మూడో పలక చప్పుడు వినబడింది. వినకుండా ఉండాల్సింది, విన్నాను. నాలుగోది తప్పింది, మళ్ళీ తప్పింది. నేను ఐదోది కొట్టేసరికి ఆయన రివాల్వరు నింపుకుని ఆఖరి పలక కొట్టేసి నిలబడి ఉన్నారు. ఒక్క తూటా కూడా వృథా చెయ్యలేదు. "నువ్వు నాకంటే ఫాస్టు బాబూ, కానీ నువ్వు నా పలకలు లెక్కపెట్టావు" అన్నారు. టైమరు మీద విడిగా కాలిస్తే ఆ రోజు నేను ఆయన్ని పదికి తొమ్మిదిసార్లు కొట్టేవాణ్ణి. ఏ టైమరూ నాకా మాట చెప్పేది కాదు.

తమాషా అనేవాళ్ళకి నా రెండో జవాబు చరిత్ర. 1950ల్లో కాలిఫోర్నియాలో బిగ్ బేర్ లేక్ అనే కొండ ఊళ్ళో జెఫ్ కూపర్ అనే ఆయన 'లెదర్‌స్లాప్' అని పోటీలు పెట్టేవాడు. ఇద్దరిద్దరు ముఖాముఖి, ఏడు గజాల దూరంలో 18 అంగుళాల బెలూన్లు, తన బెలూన్లన్నీ ముందు పగలగొట్టినవాడు గెలిచినట్టు. మన తిరునాళ్ళలో బెలూన్లు కొట్టే కొట్టు గుర్తొస్తోంది కదా? అప్పట్లో అందరూ సినిమా కౌబాయిల్లాగా తుపాకి ఒర లోంచి లాగి నడుము దగ్గరనుంచే కాల్చేసేవాళ్ళు. చూడ్డానికి అదిరిపోయేది, తగిలేది మాత్రం తక్కువ. జాక్ వీవర్ అని లాస్ ఏంజలస్ కౌంటీలో డిప్యూటీ షెరీఫ్ ఒకాయన ఆలోచించాడు. తుపాకిని రెండు చేతులతో పట్టుకుని, కంటి ఎత్తుకి తెచ్చి, సైట్లు చూసి కాల్చడం మొదలుపెట్టాడు. పైకి చూస్తే అది ఆలస్యం చేసే పని. కానీ మొదటి తూటాకే తగిలేది. గెలవడం మొదలుపెట్టాడు. ఆయన నిలబడే పద్ధతికి ఇవాళ్టికీ 'వీవర్ స్టాన్స్' అనే పేరు. కూపర్ కూడా ఆ పద్ధతినే తీసుకుని నేర్పించాడు, 1976లో ఐపీఎస్సీ అనే అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగు సంఘం పుట్టినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే.

అంటే ఏంటి? నడుము దగ్గర్నుంచి కాల్చే కౌబాయ్ వేషాన్ని చంపింది పుస్తకం కాదు, ఉపన్యాసం కాదు, ముఖాముఖి పందెం. పక్కవాడి బెలూన్లు ముందు పగిలిపోతుంటే ఎంత స్టైలుగా లాగావన్నది ఎవరికి కావాలి? తమాషా అని మీరు తిడుతున్న ఆటే తమాషాని చంపింది. అందుకే ఈ పందేన్ని నేను ప్రయోగం అంటాను. మా భాషలో చెప్పాలంటే టైమరు మీద విడిగా కాల్చడం మన మెషీను మీద మనం టెస్టు చేసుకోవడం. పక్కన మనిషి నిలబడటం ప్రొడక్షను. మొదటిది వద్దని ఎవడూ అనడు. మొదటిది పాసయ్యింది కాబట్టి రెండోది అక్కర్లేదు అనేవాణ్ణి మాత్రం ఏ టీములోనూ ఉంచుకోరు.

ఇప్పుడు కమిటీ వాళ్ళ మొదటి ఆరోపణ, లాటరీ. ఇందులో సగం నిజం ఉందన్నాను, ఆ సగం ఇదిగో. మా పందెం ఒక్క బౌటు నాకౌటు. ఆరు సెకన్లు, ఓడితే ఇంటికి. ఇంజనీరింగులో చదువుకున్న ప్రాబబిలిటీ కొంచెం బయటికి తీద్దాం. ఒక మంచి షూటరున్నాడు, ఎవరితో పడినా పదికి ఎనిమిది సార్లు గెలుస్తాడనుకుందాం. 16 మంది పోటీలో కప్పు రావాలంటే వరసగా నాలుగు బౌట్లు గెలవాలి. 0.8 ని నాలుగుసార్లు హెచ్చవేస్తే దాదాపు 0.41. అంటే పదికి ఎనిమిదిసార్లు అందర్నీ ఓడించే మొనగాడికి కప్పు వచ్చే అవకాశం సగం కూడా లేదు! ఇది లాటరీ కాదని నేనెలా అంటాను? అనను.

కానీ అదే లెక్కని ఒక్క అడుగు ముందుకి నడిపించండి. ప్రతి జతకీ మూడు బౌట్లు పెట్టి రెండు గెలిచినవాణ్ణి పైకి పంపండి. అదే మనిషి ఒక జతలో గెలిచే అవకాశం 0.8 నుంచి దాదాపు 0.9 కి పెరుగుతుంది. కప్పు వచ్చే అవకాశం 0.41 నుంచి 0.64 కి లేస్తుంది. ఐదు బౌట్లు పెట్టి మూడు గెలవమంటే 0.79. మనిషి మారలేదు, పలకలు మారలేదు, పక్కవాడు ఎక్కడికీ పోలేదు. బౌట్ల సంఖ్య మాత్రమే మారింది. మరి తప్పు ముఖాముఖిలో ఉందా, ఒక్క బౌటులో ఉందా?

ఒలింపిక్సు వాళ్ళు ఈ సంగతి మనకంటే ముందే కనిపెట్టారు. 2024 పారిస్‌లో మను భాకర్, సరబ్‌జోత్ సింగ్ పది మీటర్ల ఎయిర్ పిస్తోలు మిక్స్‌డ్ టీములో కంచు పతకం గెలవడం మీకు గుర్తుండే ఉంటుంది. అది కొరియా జంటతో ముఖాముఖి మ్యాచి. ఒక్కో రౌండులో మంచి స్కోరు చేసిన జంటకి రెండు పాయింట్లు, సమానమైతే చెరొకటి, ముందు 16 చేరినవాళ్ళు గెలిచినట్టు. స్కోరు 16-10. రౌండుకి రెండు పాయింట్లు కాబట్టి లెక్కేసుకోండి, 13 రౌండ్లు తలపడ్డారు. పక్కన ప్రత్యర్థి ఉన్నాడు, ఒత్తిడి ఉంది, చూసేవాడికి మజా ఉంది. ఒక్క తూటా తప్పినంత మాత్రాన ఎవరినీ ఇంటికి పంపలేదు. మొదటి రౌండుతోనే తేల్చేసి ఉంటే దాన్నీ లాటరీ అనేవాళ్ళం.

వేగం సంగతికొస్తే, 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు 1896 ఏథెన్సు ఒలింపిక్సు నుంచీ ఉంది. 2012 లండన్‌లో మన సుబేదార్ విజయ్ కుమార్ వెండి పతకం తెచ్చింది అందులోనే. ఫైనల్లో ఒక్కో సిరీసుకి నాలుగు సెకన్లలో ఐదు లక్ష్యాలు, ఒక్కోదానికి ఒక తూటా. తగిలితే ఒకటి, లేకపోతే సున్నా. ఆయన 40 కి 30 కొట్టాడు. ఒక్క సిరీసుతో తేల్చలేదు, ఎనిమిది సిరీసులు కాల్చాడు. వేగంగా కాల్చడం గురి కాదనేవాళ్ళు వెళ్ళి ఆయనతో చెప్పండి.

ఇంకో తిరకాసు చూడండి. కమిటీ వాళ్ళు తెద్దామంటున్న టైమరు పోటీకి నమూనా 'స్టీల్ ఛాలెంజ్', 1981 నుంచీ ఉన్న మంచి పోటీ. నేనూ అందులో కాలుస్తాను. అందులో చాలా స్టేజిల్లో ఐదుసార్లు కాల్చి, ఐదిట్లో చెత్తగా వచ్చిన దాన్ని పారేసి, మిగతా నాలుగు కలుపుతారు. అంటే టైమరు ఎదురుగా నిలబడ్డవాడికి ఐదు అవకాశాలు, పైగా ఒక తప్పుకి మాఫీ. ముఖాముఖి వాడికి ఒకే ఒక్క అవకాశం, మాఫీ లేదు. ఇలా పెట్టి, తర్వాత 'చూశారా, ముఖాముఖి లాటరీ' అంటారా? ఇదెక్కడి న్యాయమండీ?

ఇక రెండో ఆరోపణ, ప్రమాదం. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే ఈ టపాకి అర్థం లేదు. ఎందుకంటే కమిటీ వాళ్ళు ప్రమాదం అన్నప్పుడు వాళ్ళ మనసులో ఉన్న సంఘటనల్లో ఒకటి నాది.

పోయిన ఎండాకాలం సెమీఫైనలు. నేను ముందున్నాను, నాలుగు పలకలు పడ్డాయి. ఐదోదానికి ట్రిగ్గరు నొక్కితే కదల్లేదు. ఖాళీ తొడుగు బయటికి రాకుండా మధ్యలో ఇరుక్కుంది. ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నది ఒక్కటే, పక్కన ఆయన పలకలు. తొడుగు ఎక్కడ ఇరుక్కుందో చూద్దామని తుపాకిని ఎడమకి తిప్పాను. నా ఎడమ పక్కన ఆయన నిలబడి ఉన్నాడు. గొట్టం ఆయన వైపు. వేలు ట్రిగ్గరు మీద లేదు, తుపాకి జామై ఉంది, అదంతా నిజమే. గొట్టం మనిషి వైపు తిరిగింది అన్నదీ నిజమే. రేంజి ఆఫీసరు "స్టాప్!" అని అరిచిన అరుపు ఇప్పటికీ రాత్రుళ్ళు వినబడుతుంది. తుపాకి ఖాళీ చేయించి, ఒరలో పెట్టించి, ఆ రోజుకి నన్ను పోటీలోంచి తీసేశారు.

"జామయింది కదా, పాపం మళ్ళీ కాల్చనివ్వండి" అని ఇద్దరు ముగ్గురు అన్నారు కూడా. రేంజి ఆఫీసరు ఒప్పుకోలేదు. ఆయన చేసిందే రైటు. ఆ రూలు ఒక్క రవ్వ కూడా సడలకూడదని ఇవాళ నేనే అందరికంటే గట్టిగా అంటాను. పక్కనున్నాయన ఇంటికెళ్ళి భార్యకి ఏం చెప్పి ఉంటాడా అని చాలా రోజులు ఆలోచించాను. క్షమాపణ అడిగితే భుజం తట్టాడు. అలా తట్టడం ఆయన మంచితనం, దాని వల్ల నా తప్పు చిన్నదైపోలేదు.

కానీ ఆ తుపాకి నేనెందుకు తిప్పాను? నాకు రూలు తెలియకా? రూలు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. జామైతే గొట్టం పలకల వైపే ఉంచాలి, చెయ్యెత్తాలి. చెయ్యెత్తితే ఏమవుతుంది? ఆ బౌటు పోతుంది. ఒక్క బౌటు పోటీలో బౌటు పోతే రోజంతా పోయినట్టే, నెలంతా ఎదురుచూసిన పందెం పోయినట్టే. చెయ్యెత్తడానికి అంత రేటు పెట్టారు. మనిషికి క్షేమమైన దారిని అంత ఖరీదు చేస్తే, ఆరు సెకన్ల కంగారులో వాడు ఆ దారి పడతాడని ఎలా అనుకున్నారు? నా తప్పుకి నేనే బాధ్యుణ్ణి, ఇది సాకు కాదు. పోటీ తయారుచేసినవాళ్ళు కూడా ఈ ప్రశ్న వేసుకోవాలి కదా అంటున్నాను.

మూడు బౌట్ల పందెంలో అదే జరిగిందనుకోండి. చెయ్యెత్తుతాను, ఆ బౌటు పోతుంది, ఇంకా రెండున్నాయి. తుపాకి సరిచేసుకుని వస్తాను. లాటరీకి మందు ఏదో ప్రమాదానికీ సగం మందు అదే. ఇదే నేను అసలు చెప్పదల్చుకున్నది. కమిటీ వాళ్ళు రెండు జబ్బులు చూసి రోగిని పూడ్చిపెట్టేద్దామంటున్నారు, రెండు జబ్బులకీ కారణం ఒకటేనని చూడట్లేదు.

మిగిలిన సగానికి ఏం చెయ్యాలో కూడా చెప్తాను, ఊరికే విమర్శించి పోయే రకం కాదు నేను. ఇద్దరు షూటర్ల మధ్య తూటాకి తట్టుకునే అడ్డుగోడ ఒకటి పెట్టండి, ఖర్చుకి మొదటి చందా నాది. ఒక్కో షూటరుకి ఒక్కో రేంజి ఆఫీసరు ఉండాలి, ఇప్పట్లా ఇద్దరికీ ఒక్కడు కాదు. ప్రతి బౌటుకీ వరసలు మార్చుకోవాలి, పొద్దున్న ఎండ ఒకడి కళ్ళల్లోనే ఎందుకు కొట్టాలి? మూడో బౌటుకి బొమ్మా బొరుసూ వేసుకోవాలి. గొట్టం పక్కకి తిరిగితే మాత్రం బౌటు కాదు, ఆ రోజు పోటీయే పోవాలి, ఇప్పుడున్నట్టే. ఫైనలైనా సరే, క్లబ్బు ప్రెసిడెంటైనా సరే, నేనైనా సరే.

"అన్ని బౌట్లకి టైమెక్కడిది?" అని అడుగుతారు, అడిగారు కూడా. 16 మందికి ఒక్క బౌటు నాకౌటంటే 15 బౌట్లు. మూడింట్లో రెండు అంటే తక్కువలో తక్కువ 30, ఎక్కువలో ఎక్కువ 45. పలకలు మళ్ళీ నిలబెట్టడంతో కలిపి బౌటుకి రెండు నిమిషాలేసుకున్నా గంటన్నరకి మించదు. మరి మీ టైమరు పోటీ? 16 మంది, మనిషికి ఐదుసార్లు, ఒకరి తర్వాత ఒకరు, మొత్తం 80 సార్లు. అది కూడా ఒక్క స్టేజికే. ఈ లెక్క మీటింగులో బోర్డు మీద రాసి చూపిస్తే ఒక్కాయన కూడా మాట్లాడలేదు. తర్వాత విషయం మార్చేశారు.

పోయిన వారం ఆ రివాల్వరు పెద్దాయన్ని అడిగాను, మీరు ఓటు ఎటు వేస్తారని. "నాకు టైమరు పోటీలో ఆఖరి నుంచి మూడో స్థానం వస్తుంది బాబూ, ముఖాముఖిలో నీలాంటివాళ్ళు దొరుకుతారు" అన్నారు నవ్వుతూ. నవ్వులాటకన్నా అందులో నిజం ఉంది. వేగం కుర్రాళ్ళకి వస్తుంది, పోతుంది. తప్పకుండా కొట్టడం, పక్కన ఏం జరుగుతున్నా తన పలక తను చూసుకోవడం డెబ్భై ఏళ్ళకి కూడా ఉంటుంది. ఆయనకి నన్ను ఓడించే చోటు మా క్లబ్బులో ఇదొక్కటే. అదే తీసేస్తామంటున్నారు.

ఓటింగు రోజు నేను లేచి నిలబడి ముందు నా తప్పు నేనే చెప్తాను, వాళ్ళెవరూ ఎత్తకముందే. ఆ తర్వాత మూడు బౌట్ల లెక్క చెప్తాను. ఓడిపోతే టైమరు పోటీలో కాలుస్తాను, గొడవేం లేదు. ఈలోగా మీలో ఎవరైనా నా లెక్కల్లో తప్పు పట్టగలిగితే పట్టండి, మీటింగుకి ముందే దిద్దుకుంటాను. 'తుపాకులంటేనే ఛీ' అనేవాళ్ళతో నాకు పేచీ లేదు, వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. 'ఒక్క బౌటు చాలు, మజా ఉంటుంది' అనేవాళ్ళు మాత్రం దయచేసి రండి, మాట్లాడుకుందాం.